కరక్కాయ, పటిక, తుప్పు

బీట్‌రూట్ తరిగితే చెయ్యి ఎర్రబడుతుంది, కత్తిపీట ఎర్రబడుతుంది, కడిగిన నీళ్ళు కూడా ఎర్రగానే పారతాయి. అంత రంగున్న దుంపను చూస్తే దాంతో బట్టకు రంగు వేసుకోవచ్చని ఎవరికైనా అనిపిస్తుంది. ఒక తెల్ల నూలుగుడ్డను ఆ రసంలో ఉడకబెట్టి చూడండి. తీసినప్పుడు గులాబీరంగు, ఆరాక అంతకంటే లేత, సబ్బుపెట్టి ఉతికాక మురికి తెలుపు. ఇప్పుడు పచారీ కొట్లో దొరికే కరక్కాయ తీసుకోండి. దంచి నానేస్తే వచ్చేవి మట్టిరంగు కలిసిన పసుప్పచ్చటి నీళ్ళు. చూడ్డానికి ఏ అందమూ లేనివి. అందులో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద తుప్పు నీళ్ళు ఒక చుక్క వెయ్యండి. చుక్క పడ్డచోట చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ నలుపు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.

మొక్కలతో, వంటింటి చెత్తతో బట్టలకు రంగు వేద్దామనుకునేవాళ్ళు మొట్టమొదట వంటబట్టించుకోవలసిన సంగతి ఇదే. కంటికి కనిపించే రంగుకీ బట్టకు పట్టే రంగుకీ పెద్ద సంబంధం లేదు. గోరింటాకు పచ్చగా ఉంటుంది, చెయ్యి ఎర్రగా పండుతుంది. నీలి ఆకు కూడా పచ్చనిదే, దాన్నుంచి నీలిమందు వస్తుంది. రంగు వెయ్యడమనే విద్యలో రంగు సంపాదించడం చిన్న పని. దాన్ని పోగుకు పట్టించి నిలబెట్టడంలోనే కష్టమంతా ఉంది. మన అద్దకంవాళ్ళ తెలివి కనిపించేదీ అక్కడే.

నూలు మొండితనం

నూలుపోగు దాదాపు మొత్తం సెల్యులోజ్. గ్లూకోజ్ అణువులు వేలకొద్దీ ఒకదానికొకటి తగులుకుని పొడుగాటి గొలుసులుగా ఏర్పడితే అది సెల్యులోజ్. ఈ గొలుసుల పొడుగునా నీటిని ఇష్టపడే హైడ్రాక్సిల్ గుంపులుంటాయి. నూలు తువ్వాలు అంత బాగా తడి పీల్చుకునేది వాటి వల్లే. అయితే రంగు అణువును గట్టిగా పట్టి ఉంచే శక్తి ఆ గుంపులకు చాలదు. నీళ్ళతో పాటు లోపలికి వచ్చిన రంగు మళ్ళీ నీళ్ళతో పాటే బయటికి పోతుంది. బీట్‌రూట్‌లోని బీటానిన్‌కు జరిగేది ఇదే. పైగా వేడి, వెలుతురు, సబ్బులోని క్షారం, ఈ మూడూ దానికి పడవు. మందారం, ఎర్ర క్యాబేజీ, శంఖుపువ్వు లాంటివాటిలో ఉండే ఆంథోసయనిన్‌లు చూడముచ్చటగా ఉంటాయిగానీ వాటి ఆయుష్షు కూడా తక్కువే. పులుపు తగిలితే ఒక రంగు, సబ్బు తగిలితే ఇంకో రంగు. నాలుగు ఎండలు చూస్తే ఏ రంగూ ఉండదు. పిల్లలకు సైన్సు చూపించడానికి అవి బాగుంటాయి, కట్టుకునే బట్టకు పనికిరావు.

పట్టు, ఉన్ని వేరు. అవి ప్రోటీన్లు. వాటిలో రంగును పట్టుకునే అమైనో గుంపులు, ఆమ్ల గుంపులు ఉంటాయి. గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం గోరునీ చర్మాన్నీ వెంట్రుకనీ అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం అక్కడున్న కెరటిన్ అనే ప్రోటీనే. ఆషాఢంలో చేతికి పెట్టుకున్న ముద్దనే నూలుగుడ్డకు పట్టిస్తే మిగిలేది లేత గోధుమరంగు మరక. అంటే పట్టుకు రంగు వెయ్యడం తేలిక, నూలుకు వెయ్యడం కష్టం. మన దేశంలో ఆ కష్టమైన పని చాలా పాతది. మొహంజొదారో తవ్వకాల్లో మంజిష్ఠ జాతి మొక్కతో రంగువేసిన నూలుగుడ్డ పీలిక దొరికింది. దాని వయసు నాలుగు వేల ఏళ్ళ పైమాటే.

ఎవరి సాయమూ లేకుండా నూలును పట్టుకునేవి కొన్ని ఉన్నాయి. వాటిలో మనకు బాగా తెలిసింది పసుపు. పప్పు ఒలికిన చొక్కాకు సబ్బు రాస్తే మరక ఒక్కసారిగా ఎర్రబడటం అందరూ చూసినదే. పసుపులోని కర్కుమిన్ క్షారంలో ఎర్రగా మారుతుంది, కడిగితే మళ్ళీ పసుప్పచ్చనవుతుంది. దిష్టి తియ్యడానికి పసుపునీళ్ళలో చిటికెడు సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసే ప్రతి ఇల్లాలూ ఈ ప్రయోగం చేస్తున్నదే. ఉతుకుడుకు లొంగని ఆ మరకను ఎండలో ఆరేస్తే సాయంత్రానికి సగం పోతుంది. ఎండ కర్కుమిన్ అణువును విరిచేస్తుంది. అందుకే పసుపుతో వేసిన రంగు పసుపు తాడుకీ పూజగుడ్డకీ సరిపోతుందిగానీ కిటికీ తెరకు సరిపోదు.

రెండోది నల్లజీడి. నలభై ఇళ్ళ బట్టలు ఒకే రేవులో ఉతికే చాకలివాళ్ళు ఏ బట్ట ఎవరిదో గుర్తుపెట్టుకోవడానికి నల్లజీడి గింజ రసంతో మూలన చిన్న గుర్తు పెట్టి పైన సున్నం అద్దేవారు. ఆ రసంలోని ఫినాల్ జాతి నూనెలు గాలి తగిలి, సున్నపు క్షారంతో కలిసి, పోగు మీదే గట్టిపడి నల్లటి పొరగా మారతాయి. బట్ట చిరిగినా గుర్తు చెరగదు. అయితే ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది కాబట్టి ఇంట్లో దాని జోలికి పోవద్దు.

నాలుక చెప్పే లెక్క

కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే నోరంతా పిడచకట్టినట్టవుతుంది. పచ్చి వక్క, లేత జామాకు, దానిమ్మ తొక్క, అరటిపువ్వు, పాలు లేని చిక్కటి టీ, వీటన్నిటికీ అదే గుణం. వగరు. ఇది తీపి, పులుపుల్లా కేవలం ఒక రుచి కాదు. ఈ పదార్థాల్లో ఉండే టానిన్‌లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని గడ్డకట్టిస్తాయి, నోట్లో జారుడు పోతుంది. అలా దొరికినదాన్నల్లా పట్టుకునే గుణమే అద్దకానికి ఆధారం. టానిన్ అణువు పెద్దది. దాని చుట్టూ పక్కపక్కనే హైడ్రాక్సిల్ గుంపులుంటాయి. అవి ఒకవైపు సెల్యులోజ్‌ను అంటిపెట్టుకుంటాయి, ఇంకోవైపు లోహాలను బిగించి పట్టుకుంటాయి. అంటే ఒక కాయగానీ తొక్కగానీ రంగుపనికి ఉపయోగపడుతుందా లేదా అన్న ప్రశ్నకు నాలుక దగ్గరే సగం జవాబు ఉంది. తినదగిన వాటితోనే ఈ పరీక్ష చెయ్యాలని వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర దొరికేవాటిలో ఈ పనికి కరక్కాయను మించింది లేదని నా నమ్మకం. ఎండిన పెచ్చులో టానిన్ దండిగా ఉంటుంది, ఏడాది పొడుగునా దొరుకుతుంది, పొడి చేసి చల్లటి నీళ్ళలో నానేసినా దిగుతుంది. ఒకప్పుడు పల్లెటూరి బళ్ళలో వాడిన సిరా కూడా కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి చేసినదే. అన్నభేది అంటే ఇనుప లవణం, ఫెర్రస్ సల్ఫేట్. కాగితం మీది రాతకూ కలంకారీ బొమ్మ అంచుకూ నలుపునిచ్చిన రసాయనం ఒక్కటే. వంటింట్లో దీనికి సాటి వచ్చేది దానిమ్మ తొక్క. గింజలు ఒలుచుకుని పారేసే ఆ తొక్కలో టానిన్‌తో పాటు పసుపు ఛాయ కూడా ఉంటుంది. నీడలో ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటే ఎన్నాళ్ళైనా పాడుకాదు.

పటిక చేసే పని

టానిన్ నూలును పట్టుకుంది. ఇప్పుడు రంగును పట్టుకునేవాళ్ళు కావాలి. ఈ రెంటినీ కలిపే పెళ్ళిళ్ళ పేరయ్య పటిక. పొటాషియం, అల్యూమినియం కలిసిన సల్ఫేట్ అది. నీళ్ళలో వేస్తే అల్యూమినియం అయాన్ విడిగా వస్తుంది. దానికి చుట్టూ ఆరు చోట్ల ఆక్సిజన్ పరమాణువులతో బంధం పెట్టుకునే వీలుంది. కొన్ని చోట్ల పోగు మీది టానిన్‌ను పట్టుకుంటుంది, మిగిలిన చోట్ల రంగు అణువును పట్టుకుంటుంది. ఇలా ఏర్పడిన ముద్ద నీళ్ళలో కరగదు. అంతవరకూ నీళ్ళలో హాయిగా తిరిగిన రంగు ఇక పోగులో ఇరుక్కుపోయినట్టే. ఇలాంటి పని చేసే లవణాలను పాఠ్యపుస్తకాల్లో వర్ణస్థాపకాలంటారు.

అల్యూమినియానికి బదులు ఇనుము పెడితే అదే రంగు అణువు వేరే రంగు చూపిస్తుంది. లోహంతో బంధం ఏర్పడినప్పుడు అణువులోని ఎలక్ట్రాన్ల అమరిక మారుతుంది. దాంతో అది పీల్చుకునే వెలుగు, వదిలే వెలుగు మారిపోతాయి. పటిక రంగును తేటగా ఉంచితే ఇనుము దాన్ని ముదురుగా, మసకగా మారుస్తుంది. ఒకే కుండలో ఉడికిన రెండు గుడ్డలు రెండు రంగుల్లో బయటికి రావడంలో మాయమంత్రం ఏమీ లేదు. ముందు దేనిలో ముంచామన్నదే తేడా.

ఖనిజంగా పటిక దొరకని చోట్ల జనం దాన్ని చెట్లలో వెతికి పట్టుకున్నారు. లొద్దుగ జాతి చెట్లు నేలలోని అల్యూమినియాన్ని పీల్చుకుని ఆకుల్లో, బెరడులో దాచుకుంటాయి. మన దేశంలోనూ ఇండోనేషియా దీవుల్లోనూ ఆ ఆకులనూ బెరడునూ పటికకు బదులుగా వాడారు. అల్యూమినియం అనే మూలకం ఉందని ప్రపంచానికి తెలియకముందు సంగతి ఇది. వేల చెట్ల మధ్య సరిగ్గా ఈ చెట్టునే గుర్తుపట్టడానికి ఎన్ని తరాల పరిశీలన పట్టిందో ఆలోచిస్తే గౌరవం కలుగుతుంది.

ఉల్లిపొట్టు కుండ

వంటింటి చెత్తతో మొదలుపెట్టేవాళ్ళకు ఉల్లిపొట్టును మించిన సరుకు లేదు. పైన ఎండి గలగలలాడే పొరలో క్వెర్సెటిన్ అనే పసుపు పదార్థం నిండుగా ఉంటుంది. అల్యూమినియాన్ని బాగా పట్టుకునే అణువు అది. కిలో ఉల్లిపాయలు ఒలిచినా పొట్టు గుప్పెడే వస్తుంది కాబట్టి కొన్నాళ్ళపాటు సంచిలో పోగుచేసుకోవాలి. ఊళ్ళో భోజన హోటలుంటే ఒక్కరోజులోనే బస్తా దొరుకుతుంది. కర్నూలు, తాడేపల్లిగూడెం లాంటి ఉల్లి మార్కెట్లలోనైతే అడ్డే లేదు.

100 గ్రాముల నూలుగుడ్డకు లెక్క చెబుతాను. ఏ గుడ్డైనా ముందు బాగా శుభ్రపడాలి. కొత్తగుడ్డలో గంజి, పత్తిలో సహజంగా ఉండే మైనం, నూనెమరకలు, ఇవన్నీ రంగుకు అడ్డం. వెనకటి చాకలివాళ్ళు చౌడుమట్టి నీళ్ళలో నానేసి ఉబ్బ పెట్టేది ఇందుకే. మనం నీళ్ళలో చెంచాడు చాకలి సోడా వేసి ఒక గంట మరిగిస్తే చాలు. తెల్లగా కనిపించే గుడ్డనుంచి టీ రంగు నీళ్ళు దిగడం చూస్తే దీని అవసరం తెలుస్తుంది. తరవాత 15 గ్రాముల కరక్కాయ పొడిని గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, వడగట్టి, గుడ్డను రాత్రంతా నాననివ్వాలి. పిండి నీడన ఆరేశాక 15 గ్రాముల పటికను వేడినీళ్ళలో కరిగించి అందులో మళ్ళీ రాత్రంతా. గుడ్డ విప్పారి కదిలేటన్ని నీళ్ళుండాలి, లేకపోతే మరకలు పడతాయి.

ఉల్లిపొట్టు గుడ్డకు సమానంగా 100 గ్రాములు తీసుకుని గంటసేపు ఉడికించి వడగట్టాలి. నీళ్ళు ముదురు తేనెరంగులో ఉంటాయి. పటికలోంచి తీసి ఒకసారి జాడించిన గుడ్డను అందులో వేసి సన్నటి సెగ మీద ముప్పావుగంట ఉంచి, ఆ నీళ్ళలోనే చల్లారనివ్వండి. గుడ్డ బంగారు పసుపుకీ ఇటుకరంగుకీ మధ్యన ఎక్కడో నిలుస్తుంది. ఎర్ర ఉల్లి, తెల్ల ఉల్లి, నీళ్ళ గుణం, వీటినిబట్టి ఛాయ మారుతుంది. ఇప్పుడు ఆ గుడ్డలో సగాన్ని, చిటికెడు అన్నభేది కలిపిన నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచండి. పసుపు కాస్తా ముదురు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులోకి దిగిపోతుంది. అంచు దగ్గర రెండు రంగులూ ఎదురెదురుగా నిలబడి, పటికకూ ఇనుముకూ ఉన్న తేడాను ఏ పుస్తకం కంటే బాగా చెబుతాయి.

గిన్నె స్టీలుదై ఉండాలి. ఇనుప మూకుడు వాడితే మనం అడక్కుండానే రంగు నల్లబడుతుంది. ఈ పనికి వాడిన గిన్నెను మళ్ళీ వంటకు వాడొద్దు.

పెడన కాలవ గట్టున

ఇదంతా ఒక్క ఇంట్లో, ఒక్క కుండలో జరిగే పని. దీన్నే గజాలకొద్దీ బట్ట మీద, బొమ్మ చెదరకుండా చెయ్యాలంటే? కృష్ణా జిల్లాలో మచిలీపట్నం పక్కనున్న పెడన వెళ్తే జవాబు దొరుకుతుంది. అక్కడి అద్దకం టేకు చెక్క అచ్చులతో సాగుతుంది. చిత్తూరు వైపు శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు. పద్ధతి వేరైనా రెండు చోట్లా లోపల నడిచే రసాయనం ఒకటే.

శ్రీకాళహస్తిలో శుభ్రం చేసిన బట్టను కరక్కాయ కషాయంలో చిక్కటి గేదెపాలు కలిపి ముంచి ఆరేస్తారు. టానిన్ ఎందుకో చూశాం. పాలలోని కొవ్వు, ప్రోటీన్ కలం నుంచి దిగిన రంగును గీత దాటి పాకకుండా ఆపుతాయి. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. బెల్లం పులిసి ఆమ్లంగా మారుతుంది, ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. కసిమి అనే ఆ ద్రవం గీత మీద పడ్డప్పుడు పేలవంగా ఉంటుంది, బట్టలోని కరక్కాయను తాకి చూస్తుండగానే నల్లబడుతుంది.

ఎరుపు సంగతి ఇంకా గొప్పది. ఎరుపు రావలసిన చోట అచ్చుతో వేసేది ఎరుపు కాదు, తుమ్మజిగురు కలిపిన పటిక నీళ్ళు. పటికకు రంగు లేదు కాబట్టి ఎక్కడ వేశారో కంటికి ఆనడానికి కాస్త కడిగితే పోయే రంగు కలుపుతారు. అలా అచ్చు వేసిన బట్టను కొన్నాళ్ళు ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడిస్తారు. ఈ జాడింపులో పోగును పట్టుకోని పటిక, జిగురు కొట్టుకుపోవాలి. నిలవ నీళ్ళలో జాడిస్తే ఊడిన పటిక పక్కన ఖాళీగా ఉన్న చోట అంటుకుంటుంది, తరవాత బొమ్మంతా మసకేస్తుంది. పెడనకు కృష్ణ కాలవలూ శ్రీకాళహస్తికి స్వర్ణముఖీ ఎందుకంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. అద్దకం నదుల పక్కనే బతికింది.

ఆ తరవాత పెద్ద రాగి కాగులో ఎరుపునిచ్చే వేళ్ళు, ఆకులు వేసి బట్టనంతా ఒకేసారి ఉడకబెడతారు. కట్టెతో తిప్పుతూనే ఉండాలి. కాగులోకి దిగేటప్పుడు బట్ట మీద నల్లటి గీతలు, వెలిసిన మచ్చలు తప్ప ఏమీ ఉండవు. సెగ పెరిగేకొద్దీ పటిక ఉన్నచోటల్లా పువ్వులు, తీగలు, చిలకలు ఎర్రగా తేలుతాయి. పటిక లేనిచోట బట్ట కూడా కాస్త ఎర్రజీర పట్టుకుంటుంది. తడిపి ఎండలో ఆరేస్తూ ఉంటే, లోహం ఆసరా లేని ఆ రంగు వెలిసిపోయి, ఆసరా ఉన్నది మిగిలిపోతుంది. ముందు బొమ్మను కనిపించకుండా గీసి, తరవాత దాన్ని ఉడకబెట్టి పైకి రప్పించే ఈ పద్ధతిని కనిపెట్టినవాళ్ళ పేర్లు మనకు దక్కలేదు. దక్కి ఉంటే రసాయన శాస్త్ర చరిత్రలో మొదటి పేజీల్లో ఉండాల్సినవాళ్ళు.

చిరివేరు కథ

ఆ కాగులో ఒకప్పుడు వేసింది చిరివేరు. జానెడు ఎత్తు కూడా ఎదగని చిన్న మొక్క. కోస్తా ఇసుక నేలల్లో లోతుకు దిగే దాని సన్నటి వేళ్ళలో అలిజరిన్ ఉంటుంది. ఈ అణువుకు అల్యూమినియంతో పాటు కాల్షియం కూడా తోడైతేనే నికార్సయిన ఎరుపు వస్తుంది. నత్తగుల్లలు కలిసిన సముద్రతీరపు ఇసుకలో కాల్షియానికి కొదవలేదు. 17వ శతాబ్దంలో మన తీరానికి వచ్చిన ఐరోపా వర్తకుల రాతల్లో పెద్దపల్లి, అంటే ఇప్పటి నిజాంపట్నం, దగ్గర దొరికే చిరివేరు ప్రస్తావన కనిపిస్తుంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొఠీ పెట్టడానికి ఆకర్షణల్లో ఈ అద్దకం బట్టలు ముఖ్యమైనవి. ఉతికేకొద్దీ తేటపడే రంగు ఐరోపాలో ఎవరూ అప్పటికి చూడలేదు. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టేసరికి ఫ్రాన్సు 1686లో, బ్రిటన్ 1721లో ఇలాంటి బట్టలను నిషేధించాల్సి వచ్చింది. సామర్లకోటలో తోట పెంచి మన మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడటం మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో చిరివేరుకు చోటిచ్చాడు.

1868లో గ్రేబె, లీబర్‌మాన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు తారు నుంచి తీసిన ఆంథ్రసీన్‌తో అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది ఏళ్ళలోనే ఫ్యాక్టరీ సరుకు ప్రపంచమంతా పరుచుకుంది. ఐరోపాలో మంజిష్ఠ సాగు, మన తీరంలో చిరివేరు తవ్వకం రెండూ కూలిపోయాయి. ఇవాళ చాలా అద్దకం కాగుల్లో పడేది పొట్లాల్లో వచ్చే అలిజరినే. అణువు అదే, పటికతో అది చేసే పనీ అదే. అలాంటప్పుడు ఆ బట్టను సహజమైన రంగుదని అమ్మవచ్చా? అమ్మకూడదనే నేనంటాను. పటికా కరక్కాయా పాతవే అయినంత మాత్రాన తారు నుంచి వచ్చిన ఎరుపు వేరు నుంచి వచ్చినట్టు కాదు. వేరులో అలిజరిన్‌తో పాటు దాని చుట్టాలు నాలుగైదు ఉంటాయి, ఎరుపుకు లోతు వాటి వల్ల వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, కొనేవాళ్ళకు నిజం తెలియాలి. చేసేవాళ్ళను మాత్రం తప్పుపట్టలేం. వేరు తవ్వేవాళ్ళే లేనప్పుడు, తవ్వినదానికి ధర గిట్టనప్పుడు వాళ్ళేం చేస్తారు?

చీరాలలో పుట్టి ఇప్పుడు పుట్టపాకలో బతుకుతున్న తేలియా రుమాళ్ళది కూడా అలిజరిన్ ఎరుపే. అక్కడ పోగునే ముందుగా నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. నూనె, బూడిదలోని క్షారం కలిసి పోగులో కొవ్వు ఆమ్లాలను నిలబెడతాయి, అవి అల్యూమినియాన్ని పట్టుకుంటాయి. కరక్కాయ చేసే పనికి ఇది ఇంకో దారి.

నీలి దారి వేరు

నీలిమందుకు ఈ లెక్కలేవీ వర్తించవు. పటిక అక్కర్లేదు, టానిన్ అక్కర్లేదు. నీలిమందు నీళ్ళలో కరగదు. కరగని రంగు పోగులోకి ఎలా దిగుతుంది? ముందు దానికి కరిగే రూపం ఇవ్వాలి. అద్దకంవాళ్ళు కుండలో సున్నం, చౌడు, ఉడికించిన తగిరిస గింజలు వేసి పులియబెట్టేది ఇందుకే. పులిసేటప్పుడు సూక్ష్మజీవులు కుండలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి, నీలిమందు అణువుకు హైడ్రోజన్ అందుతుంది. నీలం పోయి ఆకుపచ్చ కలిసిన పసుపు ద్రవం మిగులుతుంది. అది క్షారంలో కరుగుతుంది. బట్టను ముంచి బయటికి తీస్తే మొదట లేతాకు రంగు. గాలి తగిలిన నిమిషంలోనే అంచుల నుంచి లోపలికి నీలం పాకుతుంది. పోగులోపలికి వెళ్ళిన అణువు అక్కడే మళ్ళీ కరగని నీలమై చిక్కుకుపోయింది.

ఈ పనికి వంటింటి చెత్త కూడా పనికొస్తుంది. నల్లగా మగ్గిపోయిన అరటిపళ్ళలో ఉండే చక్కెరలు సున్నం నీళ్ళ వేడిలో తగిరిస గింజల పని చేసిపెడతాయి. నీలిమందు ఒక పాలు, సున్నం రెండు పాళ్ళు, పళ్ళ చక్కెర మూడు పాళ్ళు అనే కొలత ఇప్పుడు చేత్తో రంగువేసేవాళ్ళలో బాగా నలిగింది. సున్నం కళ్ళలో పడకుండా, చేతులకు తొడుగులు వేసుకుని చెయ్యాలి.

కడప, కర్నూలు ప్రాంతాల నీలి 19వ శతాబ్దంలో ఓడలెక్కి పోయేది. 1897లో జర్మనీలో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టాక ఈ సాగుకూ రోజులు దగ్గరపడ్డాయి.

ఎంత నిలుస్తుంది, దేనికి ఖర్చవుతుంది

మొక్కల రంగంటే హాని లేనిదని తేల్చెయ్యడం తొందరపాటు. పుస్తకాల్లో కనిపించే పాత పద్ధతుల్లో క్రోమియం, తగరం లవణాలున్నాయి. మైలుతుత్తం ఉంది. వాటిని ఇంటి పెరట్లో పారబోస్తే నేలకు చేటు. పటిక, కొద్దిపాటి ఇనుముతో ఆగితే చాలు. పటిక నీళ్ళను ఒక్కసారికే పారబొయ్యకుండా కాస్త పటిక కలుపుకుంటూ మళ్ళీ వాడుకోవచ్చు. ఇనుముతో జాగ్రత్త. ఎక్కువైతే సెల్యులోజ్‌ను క్రమంగా తినేస్తుంది. మ్యూజియాల్లోని పాత అద్దకం బట్టల్లో ఎరుపు చెక్కుచెదరకుండా ఉండి, నల్లగీతలున్న చోట మాత్రం బట్ట చివికి రాలిపోవడం కనిపిస్తుంది. ఇక కాగుల కింద మండే కట్టెలు, జాడింపుకు పట్టే నీళ్ళు ఉండనే ఉన్నాయి. ఊళ్ళో వందమంది కట్టుకునే బట్టలకు ఈ పద్ధతి బ్రహ్మాండంగా సరిపోతుంది. కోట్లమంది బట్టలకు సరిపడే వేళ్ళు, పొట్టు, కట్టెలు ఈ నేల ఇవ్వలేదు.

అందుకే వేసిన రంగు ఎంతకాలం నిలుస్తుందో తేల్చుకోవడం చెయ్యవలసిన పనుల్లో ముఖ్యమైంది. దీనికి పరికరాలేవీ అక్కర్లేదు. ప్రతి రంగు గుడ్డ నుంచీ ఒక పీలిక కత్తిరించి, సగానికి మందపాటి అట్ట కప్పి, ఎండ పడే కిటికీలో రెండు వారాలు ఉంచండి. ఇంకో పీలికను తెల్లగుడ్డతో కలిపి కుట్టి, సబ్బునీళ్ళలో ఉతికి ఆరేసి, తెల్లగుడ్డకు ఏమంటిందో చూడండి. పసుపు వేసిన పీలిక మీద అట్ట అంచు గీత గీసినట్టు తెలిసిపోతుంది. ఉల్లిపొట్టు కొంత వెలుస్తుంది. దానిమ్మ తొక్క అంతకంటే గట్టిగా నిలబడుతుంది. కరక్కాయ, ఇనుము కలిసిన నలుపులో తేడా కనిపెట్టడం కష్టం. ఈ పీలికలన్నీ నోటుపుస్తకంలో అంటించి, పక్కన గుడ్డ బరువు, పటిక ఎంత, ఎంతసేపు ఉడికింది, నీళ్ళు ఎక్కడివి అని రాసిపెట్టుకోవాలి. నీళ్ళ సంగతి తప్పకుండా రాయండి. సున్నపు పాలు ఎక్కువున్న బోరు నీళ్ళలో చిరివేరు, మంజిష్ఠల ఎరుపు బాగా పండుతుంది. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్ళలో పసుపు ఛాయలన్నీ మసకబారతాయి, వాటికి పట్టి ఉంచుకున్న వాననీళ్ళు మేలు.